రేకు మీద తెల్లటి పొర

ఆ వ్యాసం నా చేతికి వచ్చేసరికి దానికి చివరి రెండు పేజీలు లేవు. మా గైడు గారు ఏదో సదస్సుకు వెళ్ళినప్పుడు ఎవరి దగ్గరో చూసి జిరాక్స్ తీయించుకున్నారు. తిరిగొచ్చాక సొరుగులో పడేసి మరిచిపోయారు. అప్పటికి తొంభైలలో సగం దాటింది. భిలాయిలో ఒక కాలేజీలో నేను రసాయన శాస్త్రంలో పరిశోధనకు చేరి ఆరు నెలలు. ఆయన దగ్గర ఎవరు చేరినా ఇనుము తుప్పు పట్టడం మీదే పని చేసేవారు. ఉక్కు ఊరు కనుక ఆ పనికి లోటు లేదు. నాకూ అదే ఇచ్చారు. తుప్పు గురించి పాత కాగితాలు వెతుకుతుంటే ఇవి దొరికాయి.

అందులో ఉన్న సంగతి చెప్పడానికి సులువే. పాలిమర్‌ను, అంటే జిగురులాంటి పొడవాటి అణువుల పదార్థాన్ని, నీళ్ళలో కరిగించి సన్నని గాజు గొట్టంలో పోస్తారు. గొట్టం మొన దగ్గర ఒక బొట్టు వేలాడుతుంది. ఆ ద్రవంలో ఒక తీగ ముంచి వేల వోల్టులు అందిస్తారు. ఎదురుగా జానెడు దూరంలో ఎర్త్ చేసిన రేకు ఉంటుంది. బొట్టు రేకు వైపు సాగి శంకువులా అవుతుంది. దాని మొన నుంచి ఒక ధార లేస్తుంది. ధార గాలిలోనే ఆరి, దారమై రేకు మీద పడుతుంది. ఆ దారం మన తల వెంట్రుకలో వందో వంతు లావు కూడా ఉండదు.

నేను ఆ కాగితాలు నిలబడే చదివాను. బళ్ళో చదివే రోజుల్లో మమ్మల్ని ఉక్కు ప్లాంటు చూపించడానికి తీసుకెళ్ళారు. ఎర్రగా కాలిన కడ్డీని రోలర్ల మధ్య నొక్కి నొక్కి తీగ చేయడం చూశాను. మా ఊళ్ళో దేన్నైనా సన్నగా చేయాలంటే అంత బరువు, అంత మంట కావాలి. ఇక్కడ ఏదీ తాకకుండానే ఒక బొట్టు దారమవుతోంది. నాకు అది వదిలిపెట్టబుద్ధి కాలేదు.

మా గైడు గారిది ఉత్తరప్రదేశ్. నెమ్మదస్తుడు. నేను అడిగింది విని హిందీలోనే సమాధానం చెప్పారు.

"దీనికి పది పదిహేను వేల వోల్టులు కావాలి. మన దగ్గర ఆ పరికరం లేదు. చేశావే అనుకో, చూడాలంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కావాలి. అదీ లేదు. చేసినా కనబడనిదానితో ఏం చేస్తావు? ఛోడ్ దో, బేటా."

"ఒక ఏడాది ఇవ్వండి సర్. రాకపోతే తుప్పు చేస్తాను," అన్నాను.

ఆయన నవ్వి, "ఆరు నెలలు," అన్నారు.

వోల్టుల మాట ఇంట్లో ఎత్తడం గైడు గారితో మాట్లాడినంత సులువు కాదు. మాది రిసాలిలో క్వార్టరు. నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఖలాసీగా వచ్చి ప్లాంటులో ఎలక్ట్రీషియన్ అయ్యాడు. నేను మూడో తరగతిలో ఉండగా, లైను ఆపేశారనుకుని ఒక ప్యానెల్ తెరిచిన ఆయన తోటి పనివాడు అక్కడికక్కడే పోయాడు. అతన్ని లాగబోయిన నాన్న కుడి చేతి రెండు వేళ్ళు కాలాయి. అవి ఆ తరవాత ఎప్పుడూ పూర్తిగా ముడుచుకోలేదు. కలం పట్టుకుంటే ఆ రెండూ పక్కకి నిలబడి ఉండేవి.

భోజనాల దగ్గర చెప్పాను. నాన్న ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపాడు.

"ఎన్ని వోల్టులు?"

"పన్నెండు, పదిహేను వేలు. కానీ కరెంటు చాలా తక్కువ నాన్నా. మిల్లీ ఆంపియర్ కూడా ఉండదు."

"తక్కువని ఎవుడు సెప్పేడు?"

"పుస్తకంలో ఉంది."

"ఆడి దగ్గరా పుస్తకాలున్నాయి," అన్నాడు నాన్న. ఆడంటే ఆ పోయినతను. "నువ్వు తుప్పు సేసుకోమ్మా. తుప్పు మనిషిని సంపదు."

అమ్మ ఇద్దరి మొహాలూ చూసి చారు వడ్డించింది. ఆ తరవాత వారం రోజులు నాన్న నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. నేనూ పంతం వదల్లేదు. లైబ్రరీలో విద్యుత్ భద్రత మీద ఉన్న రెండు పుస్తకాలూ తెచ్చి, ఆయనకు కనబడేలా కూర్చుని రోజూ చదివాను.

తరవాతి సెలవు రోజున నేను ల్యాబులో ఉండగా నాన్న సైకిలు మీద వచ్చాడు. చేతి సంచిలో ఒక బల్బు హోల్డరు, రెండు వైర్లు ఉన్నాయి. గైడు గారికి నమస్కారం పెట్టి, ఎవరినీ ఏమీ అడగకుండా ప్రతి ప్లగ్గు దగ్గరా ఒక వైరు ఫేజులో, రెండోది ఎర్త్‌లో పెట్టి బల్బు చూశాడు. అన్నిచోట్లా బల్బు మిణుకుమంది తప్ప వెలగలేదు.

"ఇది ఎర్త్ కాదు. వొట్టి తీగ," అన్నాడు నాతో. "ఇన్నాళ్ళూ దీన్ని నమ్ముకునే పని సేత్తన్నారా?"

నేను హిందీలో గైడు గారికి చెప్పాను. ఆయన ఇబ్బందిగా కళ్ళజోడు తుడుచుకున్నారు.

నాన్న ఆ మధ్యాహ్నమే ల్యాబు వెనకాల గొయ్యి తవ్వడం మొదలుపెట్టాడు. నేలలో అడుగు లోతు దాటితే రాయిలాంటి మట్టి. రెండు సెలవు రోజులు పట్టింది. అడుగున రాగి పలక దింపి, బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా నింపి, నీళ్ళు పోయడానికి ఒక గొట్టం నిలబెట్టాడు. అక్కణ్ణుంచి నా బల్ల దాకా మందపాటి రాగి పట్టీ లాగాడు. మళ్ళీ బల్బు పెట్టి చూస్తే ఇంట్లో వెలిగినంతగా వెలిగింది.

అప్పుడు ఒక ఎండు కర్ర చేతికిచ్చి నన్ను బల్ల ముందు నిలబెట్టాడు.

"ఇను. వోల్టులిచ్చే పెట్టె ఆన్‌లో ఉంటే ఎడం సెయ్యి జేబులో ఉండాల. జేబు లేకపోతే ఎనక్కి పెట్టుకో. రెండు సేతులూ బల్ల మీద కనిపించకూడదు. ఆపేసిన తరవాత ఈ కర్రతో తీగని ఎర్త్‌కి తగిలించి, అప్పుడే ముట్టుకో. ఒక్కదానివే ఉన్నప్పుడు ఆన్ సెయ్యకు. మూడూ మళ్ళీ సెప్పు."

చెప్పాను. మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను.

"సరే," అన్నాడు. "పెట్టె మాత్రం నాను సెయ్యను. క్యాంప్ టూలో టీవీలు బాగు సేసే ఒకాయన ఉన్నాడు. ఆడికి తెలుసు ఈ ఇద్దె."

క్యాంప్ 2లో ఆయన దుకాణం ఒక మనిషి పట్టేంత గది. తాతల కాలం నుంచీ వాళ్ళ కుటుంబం రైల్వేలో పని చేసింది. ఈయన ఒక్కడే రేడియోల మీద మోజుతో బయటికొచ్చాడు. గోడకు ఒక పక్క శిలువ, మరో పక్క వాళ్ళావిడ పెట్టుకున్న వినాయకుడి పటం. నలభై దాటిన మనిషి. తెలుగు మొదలుపెట్టి హిందీలో ముగించేవాడు.

"బ్లాక్ అండ్ వైట్ టీవీలో పిక్చర్ ట్యూబుకి కరెంటిచ్చే కాయిల్ ఉంటది దీదీ. పన్నెండు వేలు ఆరామ్‌గా వస్తది. అయితే దీంతో టీవీ చూడరా మీరు?"

"జిగురు నుంచి దారం తీస్తాం," అన్నాను.

ఆయన చేతిలోని సోల్డరింగ్ ఇనుము పక్కన పెట్టాడు. "ఠీక్ హై," అన్నాడు. "దారం వస్తే నాకోసారి చూపించండి."

పదిహేను రోజుల్లో పెట్టె తయారైంది. ప్లైవుడ్ డబ్బా, ముందు ఒక నాబ్, ఒక ఎర్ర బల్బు. నాన్న దాన్ని మూడు రోజులు ఇంట్లో పెట్టుకుని మూత తీసి చూసి, రెండు చోట్ల మళ్ళీ సోల్డర్ చేసి, అప్పుడు ఇచ్చాడు.

ఇవన్నీ అయ్యేసరికి జులై. వానలు మొదలయ్యాయి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు ల్యాబు సహాయకుడు తలుపు దగ్గర నిలబడ్డాడు, నేను ఎడం చెయ్యి వెనక్కి పెట్టుకుని నాబ్ తిప్పాను. బొట్టు వణికింది. సాగింది. రేకు మీదికి తుంపరలా చిమ్మింది. దారం లేదు. అట్టలు అంటించే జిగురు చిమ్మినట్టు మరకలు. ఆ నెలంతా అంతే. ఆగస్టులో ఒకటి రెండు సార్లు ఏదో తెల్లగా పడింది కానీ గాలిలో తేమకు నిమిషాల్లో చెమర్చి రేకుకు అతుక్కుపోయింది.

ఆరు నెలల గడువు అక్టోబరుతో అయిపోయింది. గైడు గారు ఆ సంగతి ఎత్తలేదు. నేనే గుర్తు చేశాను. "వానలు పోనీ," అన్నారాయన. అదే ఆయన ఇచ్చిన అనుమతి.

నవంబరులో గాలి పొడిబారింది. ఒక మధ్యాహ్నం రేకు మీద పైసా బిళ్ళంత తెల్లటి పొర కట్టింది. చిమటాతో, అంటే సన్నని పట్టకారుతో, అంచు పట్టుకుంటే ఊడి వచ్చింది. సాలెగూడు కన్నా మెత్తగా ఉంది. ఊపిరి తగిలితే కదిలింది. మా ల్యాబులో ఉన్న మామూలు మైక్రోస్కోపు కింద పెడితే మసక మసకగా గీతల వలలా కనబడింది. ఆ మైక్రోస్కోపుకు అంతకన్నా సన్నని వస్తువును విడమరిచి చూపే శక్తి లేదు. నాకు అది చాలనిపించింది.

ఆ వారంలోనే ఒక సదస్సుకు సారాంశం పంపించే గడువు ఉంది. గైడు గారు రాయమన్నారు. ఏం రాయాలో ఆయన చెప్పలేదు. 'ఒకే మందం గల సన్నని దారాలు తయారు చేశాం' అని రాసింది నేనే. టైపు చేయించింది నేనే. పోస్టు డబ్బాలో వేసిందీ నేనే.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు నాగపూర్‌లో ఒక సంస్థ వాళ్ళు జనవరిలో ఒక గంట సమయమిచ్చారు. పన్నెండు రేకు ముక్కలు కత్తిరించి, వెనక నంబర్లు వేసి, తేమ పీల్చే సిలికా గుళికలతో పాటు అమ్మ పోపులడబ్బాలోని గిన్నెల్లో సర్దుకుని పొద్దున్నే దుర్గ్‌లో రైలెక్కాను. ఒళ్ళో డబ్బా పెట్టుకుని, మధ్యాహ్నానికి చేరేదాకా దాన్ని కింద పెట్టలేదు.

మైక్రోస్కోపు నడిపే ఆవిడకు యాభై ఏళ్ళుంటాయి. మరాఠీ ఆవిడ. ముక్కల మీద పలచగా బంగారం పూత వేసి, యంత్రంలో గాలి తీసేసిన అరలోకి పంపి, తెర ముందు కూర్చుంది. నేను వెనక నిలబడ్డాను. తెర మీద బూడిదరంగు మసక తేలి, స్పష్టమయింది.

పూసలు. ఎక్కడ చూసినా పూసలు. మధ్యమధ్యలో వాటిని కలుపుతూ సన్నని పోగులు. తెగిన దండలు కుప్ప పోసినట్టు ఉంది.

"దారాలన్నావు కదా?" అంది ఆవిడ హిందీలో.

"ఇంకో ముక్క చూడండి."

రెండోది అంతే. మూడోది అంతే. ఐదో ముక్కలో బండరాయిలాంటిది ఒకటి పోగుల మధ్య కూర్చుని ఉంది. దాని చుట్టూ పోగులన్నీ తెగి ఉన్నాయి.

"ఇందులో ఏం కలిపావు?"

"ఏమీ కలపలేదు."

"మరి ఇదేమిటి?"

నేను కాసేపు చూసి, "మా ఊరి దుమ్ము," అన్నాను. ప్లాంటు నుంచి వచ్చే ఎర్ర దుమ్ము మా బట్టల మీద, బల్లల మీద ఎప్పుడూ ఉంటుంది. కంటికి దుమ్ముగా కనబడేది అక్కడ కొండలా ఉంది.

తొమ్మిదో ముక్కలో ఒక మూల మాత్రం పూసలు లేవు. పది పదిహేను దారాలు నున్నగా, ఒకే మందంతో ఉన్నాయి. ఆవిడ అక్కడ ఆగి ఫోటో తీసింది. "ఇది బాగుంది," అంది. నేను మిగతావాటివీ తీయమన్నాను. ఆవిడ నా వైపు తిరిగి చూసింది. "పూసలవా? ఫిల్ము అయిపోతుంది." "తీయండి," అన్నాను.

ఫోటోలు పది రోజుల తరవాత పోస్టులో వచ్చాయి. గైడు గారు వాటిని బల్ల మీద పరిచి, తొమ్మిదో ముక్క ఫోటో తీసి పక్కన పెట్టారు.

"సదస్సుకు ఇది చాలు."

"సర్, అది ఒక్క మూల. మిగతాదంతా పూసలే."

"అందరూ మంచి ఫోటోనే చూపిస్తారు. నువ్వు అబద్ధం చెప్పడం లేదు. దారాలు ఉన్నాయి కదా."

"ఒకే మందం అని రాశాను. అది నిజం కాదు."

ఆయనకు కోపం రాలేదు. అలసిపోయినట్టు కనిపించారు. "బేటా, మొదటి పనిలోనే రాలేదని చెప్పుకుంటే రెండో పనికి ఎవరూ పిలవరు," అన్నారు. ఆ మాట ఆయన నా మంచికే అన్నారు. ఆయన అనుభవం అది.

ఇంటికొచ్చి ఆ ఫోటోలు నాన్నకు చూపించాను. సంగతంతా చెప్పాను. ఆయన పూసల ఫోటోను దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు.

"ఆడు పోయిన రోజు లైను ఆపేసినట్టు రిజిస్టర్లో రాసుంది," అన్నాడు. "రాసినోడు సూడకుండా రాసేడు. అందరూ అలగే రాత్తారు."

ఫోటోలన్నీ నంబర్ల వరసలో సర్ది నా చేతికిచ్చాడు.

సదస్సులో మాకు గోడ మీద ఒక చార్టు పెట్టుకునే చోటిచ్చారు. సారాంశంలో శీర్షిక అచ్చయిపోయింది. చార్టు మీద ఆ శీర్షిక రాసి, 'ఒకే మందం గల' అన్న మాటల మీద కాగితం ముక్క అంటించి, 'పూసలతో కూడిన' అని రాశాను. పన్నెండు ఫోటోలూ వరసగా పెట్టాను. గైడు గారు వచ్చి చూసి, నా పక్కన కాసేపు నిలబడి టీకి వెళ్ళారు. ఎవరో ఇద్దరు కుర్రాళ్ళు కాగితం ముక్క చూసి నవ్వుకున్నారు. అయినా నేను అక్కడినుంచి కదల్లేదు.

సాయంత్రం అందరూ సర్దుకుంటుంటే ఒకాయన వచ్చి ఫోటోలన్నీ వరసగా చూశాడు. బట్టల మిల్లులో కెమిస్టు. మగ్గం మీద తెగకుండా నూలుకు పట్టించే గంజిలో ఆయన ఇదే పాలిమర్ వాడతాడట.

"ఏ గ్రేడు వాడారు?"

చెప్పాను. అంగళ్ళలో జిగురుకు అమ్మే రకం.

"అదీ సంగతి. అందులో అణువులు పొట్టివి. పొట్టివి ఒకదాన్నొకటి పట్టుకోలేవు, సాగదీస్తే జారిపోయి బొట్టు కడతాయి. నూలుకు మేం పొడుగువి వాడతాం. చిరునామా ఇవ్వండి, పొడి పంపిస్తాను. ఇంకొంచెం చిక్కగా కరిగించండి."

ఆయన తొమ్మిదో ముక్క ఒక్కటే చూసి ఉంటే ఆ మాట అనేవాడు కాదు.

పొడి మార్చిలో వచ్చింది. కొత్త రకం మొండిది. చన్నీళ్ళలో వేసి, కలుపుతూ మెల్లగా వేడి చేస్తే గాని కరగదు. తొందరపడితే ఉండలు కడుతుంది. దుమ్ము పోవడానికి సన్నని గుడ్డలో నాలుగుసార్లు వడకట్టాను. బల్ల చుట్టూ తడి చీరలు కట్టి గాలిని ఆపాను. అయితే తడి చీరలు గాలికి తేమనిచ్చాయి. వాటిని తీసేసి పొడి ప్లాస్టిక్ పట్టా కట్టాను. ఏప్రిల్ చివరికి కూలరు కూడా ఆపాల్సి వచ్చింది. కూలరు తిరిగిన రోజు దారం పాడయ్యేది, ఆపిన రోజు బాగుండేది. భిలాయి మే నెలలో కూలరు లేని గది ఎలా ఉంటుందో ఆ ఊళ్ళో ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. సహాయకుడు దండం పెట్టి వరండాలోకి వెళ్ళిపోయాడు.

అప్పుడు నాన్న రావడం మొదలుపెట్టాడు. పొద్దుటి షిఫ్టు దిగి, ఇంటికెళ్ళి తిని, మూడింటికి తడి తువ్వాలు తలకు చుట్టుకుని వచ్చేవాడు. మెయిన్ స్విచ్చి పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాడు. నేను నాబ్ తిప్పేముందు "సెయ్యి," అనేవాడు. నేను ఎడం చెయ్యి వెనక్కి పెట్టుకునేదాన్ని. ఇద్దరం చెమటతో తడిసిపోయేవాళ్ళం. బొట్టు ఆ పొడి గాలికి గొట్టం మొనలోనే ఎండి అడ్డుపడేది. ప్రతి పది నిమిషాలకూ ఆపి, కర్రతో ఎర్త్ చేసి, తుడిచి, మళ్ళీ ఆన్ చేయాలి. ఆ వేసవిలో అలా ఎన్నిసార్లు చేశామో. ఒక్కసారి కూడా ఆయన ఆ వరస తప్పనివ్వలేదు.

జూన్‌లో మళ్ళీ నాగపూర్ సమయం దొరికింది. "నానూ వొత్తాను," అన్నాడు నాన్న. మైక్రోస్కోపు గదిలో చెప్పులు విప్పి గోడ పక్కన నిలబడ్డాడు. తెర మీద మసక తేలి స్పష్టమయింది. దారాలు. ఆ మూల నుంచి ఈ మూల దాకా, ఒకదాని మీద ఒకటి పడి, నున్నగా. ఆవిడ రెండో ముక్క పెట్టింది, మూడోది పెట్టింది. ఎక్కడో ఒక పూస, అంతే. కొలత చూసి, మీటరులో వంద కోట్లవ వంతును ఒకటిగా లెక్కిస్తే మూడొందలు, అంటే మూడొందల నానోమీటర్లు అని చెప్పింది.

నేను తెరకు దగ్గరగా వంగి పూసల కోసం వెతికాను.

నాన్న మాత్రం యంత్రం వెనక ఉన్న కేబుల్ వైపు చూస్తున్నాడు. హిందీలో ఆవిణ్ణి అడిగాడు, "మేడమ్, ఇది ఎన్ని వోల్టుల మీద నడుస్తుంది?"

"ఇరవై వేలు."

"ఎర్త్ ఎప్పుడు చూపించారు?"

ఆవిడకు తెలియదు. నాన్న తల పంకించి, చూపించుకోమని సలహా ఇచ్చాడు. ఆవిడ నిజంగానే రాసుకుంది.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాక అడిగాడు, "దీంతో ఏటి సేత్తారమ్మా?"

"వడపోతకి పనికొస్తుందంటారు. రంధ్రాలు చాలా చిన్నవి కదా. గాలిలో దుమ్ము ఆగిపోతుంది."

"ప్లాంటులో మా సాపులో ముక్కుకి గుడ్డ కట్టుకుంటాం. సాయంత్రానికి ముక్కులోంచి ఎర్రగానే వొస్తాది. అలాటిదానికి?"

"రావచ్చు."

"మరైతే అది సెయ్యి."

పలచని మల్లు గుడ్డ మీద దారాలు పడేలా అరగంట సేపు పట్టి, రెండు గుడ్డ పొరల మధ్యలో పెట్టి కుట్టి ఇచ్చాను. నాన్న షిఫ్టుకు కట్టుకెళ్ళాడు. మధ్యాహ్నం తిరిగొచ్చి, విప్పి నా చేతిలో పెట్టాడు. లోపలి పొర లేదు. ఊపిరి తేమకు కరిగి గుడ్డకు జిగురులా పట్టేసింది. నీళ్ళలో కరిగే పదార్థంతో చేసినది ఊపిరి తగిలితే కరగదా? రసాయన శాస్త్రం చదివినదాన్ని, నాకు తట్టలేదు.

"మొదటి గంట బాగుంది," అన్నాడు నాన్న. "తరవాత ఊపిరాడలేదు. సూసుకో మరి."

చూసుకున్నాను. ఆ తరవాతి ఏడాదిన్నర అదే పని. దారాల పొరను పొయ్యిలో పెట్టి వేడి చేస్తే అణువులు దగ్గరగా సర్దుకుని నీళ్ళకు కాస్త తట్టుకుంటాయని తెలిసింది. కాస్తే. ద్రవంలో ఒక రకం బంకమట్టి కలిపితే ఇంకా గట్టిపడుతుందని చదివాను. ఆ మట్టి పుస్తకం పుటల్లా పొరలు పొరలుగా ఉంటుంది. పాలిమర్ ఆ పుటల మధ్యలోకి దూరి వాటిని విడదీయాలి. విడిపోకుండా ముద్దగా ఉండిపోతే దారం అక్కడే తెగుతుంది. విడిపోయాయా లేదా అన్నది ఎక్స్‌రే చెబుతుంది. ఊళ్ళోనే ఖనిజం ముక్కలు పరీక్షించే ఒక ల్యాబులో ఎక్స్‌రే యంత్రం ఉంది. వారానికి ఒకరోజు, వాళ్ళ పని అయ్యాక, నావి పెట్టుకోనిచ్చేవారు. కాగితం మీద పెన్ను గీసే గీతలో మట్టి పుటలు దగ్గరగా ఉన్నంతకాలం ఒకచోట శిఖరం లేచేది. నేను ఆ శిఖరం పడిపోవాలని కోరుకుంటూ కూర్చునేదాన్ని. మట్టిని ముందురోజే నీళ్ళలో నానబెట్టి, తక్కువ తక్కువగా కలిపితే తప్ప పడిపోలేదు. అది తెలియడానికి ఒక వానాకాలం, ఒక చలికాలం పట్టాయి.

థీసిస్ రాసేటప్పుడు గైడు గారు పూసల అధ్యాయం తీసేయమంటారేమోనని సిద్ధపడి వెళ్ళాను. ఆయన పేజీలు తిప్పి, "దీన్ని మొదట పెట్టు. మిగతాది దీన్నుంచే వచ్చింది," అన్నారు. ఎర్త్ గొయ్యి గురించి కూడా పరికరాల భాగంలో రాయమన్నారు, లోతుతో సహా. నాన్నకు ఆ పేజీ చదివి వినిపిస్తే, బొగ్గూ ఉప్పూ ఏ వరసలో వేశామో తప్పు రాశావని దిద్దించాడు.

ఆ రోజుల్లోనే మట్టి కలిపిన పొరను గాజు గ్లాసులో నీళ్ళలో వేసి కిటికీ పక్కన పెట్టాను. గంటకోసారి చూశాను. సాయంత్రానికి ఉంది. మర్నాడు ఉంది. మూడో రోజు చిమటాతో బయటికి తీసి, ఆరబెట్టి, తూచి, బరువు నోట్‌బుక్కులో రాశాను. కొంచెం తగ్గింది, పోలేదు. నాన్న ముక్కుగుడ్డ మీద పట్టడానికి కొత్త ద్రవం కలపడం మొదలుపెట్టాను.